మత్తు పడదు! కాని ఏది పడదు?

మన తెలుగువారికి “పడదు” అన్న మాట ఒక్కటి చాలు, వెయ్యి సంగతులు చెప్పడానికి. అత్తగారికీ కోడలికీ పడదు. అయ్యగారికి వంకాయకూర పడదు. పిల్లవాడికి ఊరు మారితే నీరు పడదు. ఎందుకు పడదని అడిగేవారు లేరు. అడిగినా చెప్పేవారు లేరు. పడదంటే పడదు, అంతే!

కూరల విషయంలోనూ, చుట్టరికాల విషయంలోనూ ఇంతటితో సరిపెట్టుకోవచ్చు. కాని మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చున్నా మరొక “పడదు” మన చెవిని పడుతుంది.

“మా అమ్మకి మత్తు పడదు బాబూ! అప్పుడెప్పుడో ఆపరేషనుకి మత్తిచ్చినారు. ఒళ్ళంతా దద్దుర్లు తేలిపోనాయి, ఊపిరాడనేదు. మరి ఆపరేషనంటేనే మాకు బయ్యం!”

ఈ భయం కల్పితం కాదు. అటువంటివి నిజంగానే జరుగుతాయి, అరుదుగానైనా జరుగుతాయి. కాని ఆ ఒక్క మాట పట్టుకొని కొందరు పిత్తాశయంలో రాళ్ళతోనో, వరిబీజంతోనో, గర్భసంచిలో గడ్డతోనో ఏళ్ళ తరబడి బాధపడుతూ కాలక్షేపం చేస్తారు. మరికొందరు ఇందుకు విరుద్ధంగా, చెబితే డాక్టరుగారు ఆపరేషను చెయ్యనంటారేమోనని ఆ సంగతి గుట్టుగా దాచిపెడతారు. మొదటిది నష్టం. రెండవది ప్రమాదం. రెండూ తప్పాలంటే “మత్తు పడదు” అన్న మాటను ఒకసారి విప్పి చూడాలి.

మత్తు అంటే ఒక్క మందు కాదు

మొట్టమొదట గ్రహించవలసిన సంగతి ఏమిటంటే “మత్తు” అనే పేరుగల మందు లోకంలో ఎక్కడా లేదు. పెద్ద ఆపరేషనుకు బల్ల ఎక్కిన మనిషికి కొద్దిసేపట్లోనే అనేక వస్తువులు ఒంటికి తగులుతాయి. నిద్రపుచ్చడానికి నరంలోకి ఎక్కించే థయోపెంటోన్, ప్రొపోఫోల్, కీటమిన్ వంటివి ఒక జాతి. నొప్పి తెలియకుండా చేసే మార్ఫిన్, ఫెంటనిల్ మరొక జాతి. కండరాలను సడలించే సక్సామెథోనియం, అట్రాక్యూరియం, వెక్యురోనియం ఇంకొక జాతి. ఇవి గాక, పుండు చీము పట్టకుండా ముందుగా ఇచ్చే యాంటీబయాటిక్ ఉంటుంది. చర్మం తుడిచే క్లోర్‌హెక్సిడిన్ ఉంటుంది. డాక్టర్ల చేతులకు రబ్బరు తొడుగులుంటాయి. కొన్ని ఆపరేషన్లలో దారి తెలియడానికి వాడే నీలిరంగు మందుంటుంది.

ఇందులో ఏదో ఒకటి పడకపోతే ఇంటికి వచ్చి మనం చెప్పేది “మత్తు పడలేదు” అని! పెళ్ళి భోజనం చేసి వచ్చి కడుపునొప్పి అన్నవాణ్ణి చూసి “వీడికి పెళ్ళి పడదు” అంటే ఎలా ఉంటుంది? విస్తరిలో ఏ పదార్థం తేడా చేసిందో చూడవద్దూ?

బ్రిటన్‌లో మత్తువైద్యులు దేశం మొత్తం మీద ఇటువంటి సంఘటనలను పోగుచేసి 2018లో ఒక నివేదిక ప్రకటించారు. సుమారు 10,000 మందికి మత్తు ఇస్తే వారిలో ఒకరికి ప్రాణం మీదికి వచ్చే ఎలర్జీ కలిగిందని లెక్క తేలింది. ముద్దాయి ఎవరని చూస్తే చిత్రమైన సంగతి బయటపడింది. కారణం తేలినవాటిలో సుమారు సగం యాంటీబయాటిక్‌లవల్ల! మూడోవంతు కండరాలను సడలించే మందులవల్ల. చర్మం తుడిచే క్లోర్‌హెక్సిడిన్, ఆ నీలిరంగు తరువాతి స్థానాలలో ఉన్నాయి. నిద్రపుచ్చే మందుల వాటా చాలా తక్కువ. అంటే “మత్తు పడదు” అన్నవారిలో చాలామందికి అసలైన మత్తు నిక్షేపంగా పడుతుందన్నమాట!

ఇంకొక సంగతి. ఆపరేషను తరువాత వాంతులయ్యాయి, తెలివి ఆలస్యంగా వచ్చింది, చలితో వణికిపోయింది, రెండు రోజులు గొంతు నొప్పి పెట్టింది - ఇవన్నీ కూడా మన లెక్కలో “పడకపోవడమే.” ఇవి బాధలే గాని, ఎలర్జీలు కావు.

కనగుర్త చేప చెప్పే కథ

ఇక అసలు దొంగను పట్టుకుందాం. దద్దుర్లు లేపి, ముఖం ఎర్రబరచి, ఊపిరి బిగబట్టించే ఆ పదార్థం పేరు హిస్టమిన్. దీనిని గురించి తెలుసుకోవడానికి మన సముద్రతీరం కంటే మంచి బడి లేదు.

1803లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నం తీరంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో ఒక గ్రంథం ప్రచురించాడు. ప్రతి చేపకూ ఇక్కడివారు పిలిచే పేరు కూడా చేర్చాడు. అందులో ఒకటి “కనగుర్త.” ఈనాటికీ ప్రపంచంలోని శాస్త్రజ్ఞులంతా ఆ చేపను రాస్ట్రెల్లిగర్ కనగుర్త అనే పిలుస్తారు. మన బజారులో కానాగంతలని అమ్మేది దీనినే. ఒక తెలుగుమాట ఇలా శాస్త్ర గ్రంథాలకెక్కిందంటే తెలుగు పాఠం చెప్పేవారికి కొంచెం గర్వంగానే ఉంటుంది.

అయితే ఈ కనగుర్త కుటుంబానికి ఒక గుణం ఉన్నది. ఈ చేపల మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం జాస్తి. పడవ దిగిన చేపను మంచులో పెట్టకుండా ఎండలో గంటల తరబడి వదిలేస్తే, కొన్ని సూక్ష్మజీవులు ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చివేస్తాయి. ఒకసారి మారిన తరువాత ఎంత ఉడికించినా, ఎంత చింతపండు పోసి పులుసు పెట్టినా పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం జేవురిస్తుంది. తల దిమ్మెక్కుతుంది. గుండె దడదడలాడుతుంది. ఒంటిమీద దద్దుర్లు తేలుతాయి. “నాకు చేప పడదు” అని ఆనాటినుంచి ఆయన చేప మానేస్తాడు. పాపం, ఆయనకు చేప పడుతుంది. పడనిది హిస్టమిన్. అది ఎవరికీ పడదు!

ఈ కథలో హిస్టమిన్ బయటినుంచి వచ్చింది. కాని మన ఒంట్లోనే దాని కొట్లు ఉన్నాయి. చర్మం కింద, ఊపిరితిత్తుల గొట్టాలలో, పేగులలో, రక్తనాళాల పక్కన మాస్ట్ కణాలని ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మను విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో వీటికి పేరు పెట్టాడు. కణం నిండా రేణువులు కుక్కి ఉండడం చూసి, బాగా మేసి బలిసినవని తలచి ఆ పేరు పెట్టాడు. ఆ రేణువులు మేసిన మేత కాదని, హిస్టమిన్ నిలవచేసిన పొట్లాలని తెలియడానికి 1950ల దాకా ఆగవలసి వచ్చింది.

హిస్టమిన్‌ను 1907లో జర్మనీలో ప్రయోగశాలలో తయారు చేశారు. 1910లో లండనులో హెన్రీ డేల్, అతని సహచరులు దాని ప్రతాపం పరీక్షించి చూశారు. దానిని నరంలోకి ఎక్కిస్తే జంతువు రక్తపుపోటు పడిపోవడం, ఊపిరి బిగుసుకుపోవడం కనిపించింది. 1902లోనే పారిస్‌లో రిషే, పోర్టియే అనే ఇద్దరు మరొక వింత చూచి ఉన్నారు. సముద్రజీవి విషం ఒకసారి ఎక్కించినా బతికిన కుక్కకు, కొన్ని వారాల తరువాత అందులో రవంత ఎక్కించగానే నిమిషాలమీద చచ్చిపోయింది. ఈ రెండు వింతలకూ లోపల సంబంధం ఉన్నదని పెద్దలు క్రమంగా గ్రహించారు.

తాళంచెవి, కన్నపుగడ్డపార

మాస్ట్ కణం తన పొట్లాలను రెండు విధాల విప్పుతుంది. ఇంటి తలుపు తాళంచెవితో తీయవచ్చు. లేదా గోడకు కన్నం వేయవచ్చు. సొమ్ము పోవడం రెండింటిలోనూ ఒకటే!

తాళంచెవి పద్ధతి అసలైన ఎలర్జీ. ఒక పదార్థం మొదటిసారి ఒంట్లోకి వచ్చినప్పుడు కొందరి శరీరం దానిని శత్రువని గుర్తు పెట్టుకుంటుంది. ఐ.జి.ఇ. అనే కాపలావాళ్ళను తయారు చేసి మాస్ట్ కణాల మీద నిలబెడుతుంది. ఈ కాపలావాళ్ళ ఉనికి 1966, 67లలో అమెరికాలోనూ, స్వీడన్‌లోనూ విడివిడిగా బయటపడింది. రెండవసారి అదే పదార్థం రాగానే ఆ కాపలావాళ్ళు గుర్తుపట్టి కణాలను ఒక్కసారిగా విప్పించేస్తారు. దీనికి మోతాదుతో పనిలేదు. చుక్క చాలు.

కన్నం వేసే పద్ధతి వేరు. ఇందులో గుర్తూ లేదు, పాత పగా లేదు. కొన్ని మందులకు మాస్ట్ కణాన్ని నేరుగా పొడిచి హిస్టమిన్ రాల్చే గుణం పుట్టుకతోనే ఉన్నది. మార్ఫిన్, అట్రాక్యూరియం, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఆ జాతివి. 2015లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఇటువంటి మందులలో పెక్కింటికి మాస్ట్ కణంమీద ఒక ప్రత్యేకమైన ద్వారం ఉన్నదని కనిపెట్టారు. అంతవరకూ కన్నం అనుకున్నది నిజానికి దొడ్డితలుపన్నమాట! ఇక్కడ మోతాదుకూ, వేగానికీ లెక్క ఉన్నది. గబగబా ఎక్కిస్తే ఒళ్ళు ఎర్రబడుతుంది. నెమ్మదిగా ఎక్కిస్తే ఏమీ కాకపోవచ్చు. వాంకోమైసిన్‌ను కనీసం గంటసేపు బొట్లు బొట్లుగా ఎక్కించడం ఇందుకే. “ఈ సెలైను ఎంతకీ అవదేమిటి? కొంచెం జోరు పెంచమ్మా” అని నర్సును తొందరపెట్టే బంధువులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ రెండింటికీ తేడా పండితుల చర్చ కోసం కాదు. మొదటి రకమైతే ఆ మందు జన్మలో మళ్ళీ తగలకూడదు. రెండవ రకమైతే అవసరం పడినప్పుడు డాక్టరు మోతాదు తగ్గించో, నెమ్మదిగానో ఇవ్వవచ్చు. పైకి దద్దుర్లు ఒకలాగే కనిపిస్తాయి. ఏది ఏదో పరీక్షించి చెప్పవలసినవాడు వైద్యుడు.

పలాస జీడితోటల వైపు వారికి మూడవ రకం కూడా తెలుసు. జీడిరసం తగిలితే చేతులు పొక్కుతాయి. అదీ ఒంటికి పడకపోవడమే గాని, అక్కడ పెత్తనం హిస్టమిన్‌ది కాదు. అది గంటల మీద, రోజుల మీద నెమ్మదిగా తేలే రకం. “ఎలర్జీ” అన్నవన్నీ ఒక గూటి పక్షులు కావు.

ఆముదం చేసిన అల్లరి

మందు ఒకటి, దానిని కరిగించిన ద్రవం ఇంకొకటి. దోషం దేనిదన్న తగవు మత్తువైద్య చరిత్రలో ఒకసారి పెద్దయెత్తున వచ్చింది. అందులో కథానాయకుడు మన ఆముదం!

నరంలోకి ఎక్కించే మందు రక్తంలో కలవాలంటే నీళ్ళలో కరగాలి. కొన్ని మంచి నిద్రమందులు నీళ్ళలో కరగవు. అందుకని ఆముదాన్ని రసాయనికంగా మార్చి క్రెమఫోర్ అనే ద్రవాన్ని తయారు చేశారు. 1960లలో ప్రొపానిడిడ్, 1970లలో ఆల్థెసిన్ అనే మత్తుమందులను ఇందులో కరిగించి వాడారు. మనిషి హాయిగా నిద్రపోయేవాడు, హాయిగా లేచేవాడు. కాని అప్పుడప్పుడు ఒకరికి ముఖం ఎర్రబడి, రక్తపుపోటు పడిపోయేది. పశువైద్యులు ఆల్థెసిన్ వంటిదానినే పిల్లులకిస్తే వాటి చెవులూ పంజాలూ వాచేవి. కుక్కలకు ఇవ్వనే కూడదన్నారు. ఆ ద్రవానికి కుక్క ఒంట్లో హిస్టమిన్ వరదలాగా వచ్చేది. చివరకు 1984లో బ్రిటన్ మార్కెట్టునుంచి ఆల్థెసిన్‌ను తీసివేశారు.

అదే కాలంలో ప్రొపోఫోల్ అనే కొత్త మందు పరీక్షలలో ఉన్నది. దానినీ మొదట క్రెమఫోర్‌లోనే కరిగించారు. అదే గొడవ మళ్ళీ కనిపించింది. వేరొకరైతే ఈ మందు పనికిరాదని మూలన పారేసేవారే. కాని దానిని కనిపెట్టిన బృందంలోని ఇయన్ గ్లెన్ - ఆయన పశువైద్యుడు - మందును విడువలేదు. ద్రవాన్ని మార్చారు. సోయానూనె, కోడిగుడ్డు సొనలోని లెసిథిన్ కలిపి పాలవలె తెల్లగా ఉండే కొత్త రూపం తెచ్చారు. 1986లో అది వాడుకలోకి వచ్చింది. ఆపరేషను గదిలో తెల్లగా పాలలాగా కనిపించే ఇంజక్షను అదే. గ్లెన్‌కు 2018లో అమెరికాలో లాస్కర్ బహుమతి లభించింది. “మత్తు పడదు” అన్నచోట ఆగిపోకుండా “ఏది పడలేదు?” అని అడిగినందుకు దక్కిన ఫలం ఇది.

దీపంలో పోసే ఆముదాన్నీ, తలకు రాసే ఆముదాన్నీ చూసి ఎవరూ జడుసుకోనక్కరలేదు. ఆ క్రెమఫోర్ మాత్రం ఇంకా ఉన్నది. పాక్లిటాక్సెల్ అనే కేన్సరు మందును దానిలోనే కరిగిస్తారు. అందుకే ఆ మందు ఎక్కించే ముందు స్టెరాయిడ్, హిస్టమిన్‌ను అడ్డగించే ఇంజక్షన్లు ఇస్తారు. చికిత్సకు విశాఖపట్నం వెళ్ళివచ్చే కుటుంబాలు “అసలు మందుకన్నా ముందు ఇన్ని సూదులెందుకు?” అనుకుంటే, సమాధానం ఇది.

కోడిగుడ్డు పడనివారికి ప్రొపోఫోల్ పనికిరాదని ఒకప్పుడు భయపడేవారు. తరువాతి పరిశీలనలలో ఆ భయానికి ఆధారం కనిపించలేదు. రొయ్యలు పడనివారికి స్కానింగులో ఎక్కించే అయోడిన్ మందు పడదన్నదీ అటువంటి అపోహే. రొయ్యలో పడనిది దాని మాంసకృత్తు, అయోడిన్ కాదు. అయినా సంగతి డాక్టరుకు చెప్పడం మన విధి. నిర్ణయించడం ఆయన విధి.

ఉద్దానానికి కావలసిన మందు

కండరాలను సడలించే మందులకు తాత క్యురారే. అది దక్షిణ అమెరికా అడవులలోని వేటగాళ్ళు బాణాలకు పూసే విషం. 1942లో కెనడాలోని మాంట్రియల్‌లో గ్రిఫిత్, జాన్సన్ అనే వైద్యులు మొదటిసారిగా ఆపరేషనులో వాడి చూపించారు. కడుపు కండరాలు మెత్తబడి, సర్జనుకు పని సుఖమయింది. కాని దానికి హిస్టమిన్ రాల్చే దుర్గుణం జాస్తి.

ఇక్కడ విధి ఆడిన ఒక చమత్కారం చెప్పాలి. హిస్టమిన్‌ను అడ్డగించే మందులను 1937లో మొదటిసారి కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు దానియేల్ బోవే. క్యురారేకు బదులుగా కృత్రిమంగా కండర సడలింపు మందులను తయారు చేసినవారిలో ముఖ్యుడూ ఆయనే. ఈ రెండింటికీ కలిపి 1957లో నోబెల్ బహుమతి ఇచ్చారు. జబ్బుకు మందూ, ఆ జబ్బు తెచ్చే మందుల జాతీ ఒకే చేతినుంచి వచ్చాయి!

శ్రీకాకుళం జిల్లావారికి ఈ కథలో దగ్గరి సంబంధం ఉన్నది. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎంతమందిని పీడిస్తున్నదో మనకు తెలుసు. చాలా మందులను బయటికి పంపవలసినవి మూత్రపిండాలు. అవి చెడినవారికి కొన్ని సడలింపు మందులిస్తే, మందు ఒంట్లోనే ఉండిపోయి ఊపిరి సకాలంలో తిరిగి రాదు. ఈ చిక్కు తీర్చడానికి స్కాట్లండులో స్టెన్‌లేక్ బృందం అట్రాక్యూరియం తయారు చేసింది. 1980ల ఆరంభంలో వాడుకలోకి వచ్చింది. దీని గొప్ప ఏమిటంటే ఇది రక్తపు వేడికీ, ఆమ్ల క్షార స్థితికీ తనంతట తానే విరిగిపోతుంది. మూత్రపిండాల సాయం అక్కరలేదు.

ఇంత మంచి మందుకు ఒక లోపం - గబగబా, ఎక్కువ మోతాదులో ఇస్తే హిస్టమిన్ రాలుస్తుంది! తరువాత వచ్చిన దాని తమ్ముడు సిస్-అట్రాక్యూరియం అలాగే విరిగిపోతుంది, హిస్టమిన్‌ను అంతగా కదపదు. కనుక ఉద్దానం రోగి ఒకరు బల్లమీద పడుకున్నప్పుడు మత్తుడాక్టరు ఎదుట ఉన్నది “మత్తు పడుతుందా, పడదా” అన్న ప్రశ్న కాదు. మూత్రపిండాలను చూడాలి, ఉబ్బసం ఉన్నదేమో చూడాలి, ఏ మందు, ఎంత, ఎంత నెమ్మదిగా అని తూచాలి. ఆ తూకానికి రాళ్ళు మనం చెప్పే వివరాలే.

దగ్గుమందు దారి

“మొదటిసారి ఆపరేషను గదా! ముందెన్నడూ తగలని మందుకు ఎలర్జీ ఎలా వస్తుంది?” అని అడగవచ్చు. కన్నం రకానికి ముందటి పరిచయం అక్కరలేదని చెప్పుకున్నాం. తాళంచెవి రకంలో కూడా ఒక చాటుదారి ఉన్నది.

నార్వేలో సడలింపు మందులకు ఎలర్జీ ఎక్కువ; పక్కనే ఉన్న స్వీడన్‌లో తక్కువ. ఎందువల్ల? తీగ లాగితే డొంక దగ్గుమందులో కదిలింది. నార్వేలో ఫోల్కోడిన్ అనే దగ్గుమందు విరివిగా తాగేవారు; స్వీడన్‌లో అది అమ్మకంలో లేదు. ఫోల్కోడిన్‌కూ, సడలింపు మందులకూ ముఖంలో ఒక పోలిక ఉన్నది. దగ్గుమందును చూసి తయారైన కాపలావాళ్ళు, ఆపరేషనునాడు ఆ పోలికగల మందును చూసి పాత శత్రువే అనుకుంటారు. నార్వే 2007లో ఆ దగ్గుమందును మానివేసింది. 2022 చివర యూరపు మందుల సంస్థ దానిని ఆ దేశాలన్నిటా తీసివేయవలసిందని చెప్పింది. చిన్న దగ్గుకు తోచిన సీసా కొని తాగే మనకు ఇందులో ఒక పాఠం లేకపోలేదు.

దుప్పటి కింద జరిగేది

మెలకువగా ఉన్న మనిషికి హిస్టమిన్ రేగితే “దురదగా ఉంది, గొంతు పట్టేస్తోంది” అని చెబుతాడు. బల్లమీది మనిషి నిద్రలో ఉంటాడు. ఒళ్ళు దుప్పట్ల కింద ఉంటుంది, దద్దుర్లు కంటపడవు. తెలిసేది నాడివల్ల, పోటువల్ల, ఊపిరివల్ల. అందుకే మత్తుడాక్టరు పక్కనుంచి కదలడు.

ఈ కాపలా సంగతి మీద మన తెలుగుదేశంలోనే ఒకప్పుడు ప్రపంచం చెవులు రిక్కించిన వివాదం జరిగింది. హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను, క్లోరోఫాం ఇచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, నాడితో పనిలేదని వాదించాడు. 1888లో ఒకసారి, 1889లో మరొకసారి నైజాం పోషణలో కమిషన్లు కూర్చుని జంతువుల మీద ప్రయోగాలు చేశాయి. రెండవదానికి లండనునుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చాడు. కమిషను లారీ వైపే తీర్పు చెప్పింది. కాని 1911లో లెవీ అనే పరిశోధకుడు క్లోరోఫాం కొద్దిగా ఇచ్చిన పిల్లులకు ఎడ్రినలిన్ ఎక్కితే గుండె గతి తప్పి ఆగిపోవచ్చునని చూపించాడు. ఊపిరీ చూడాలి, నాడీ చూడాలి - ఈ సత్యానికి అంత ఖరీదు చెల్లించవలసి వచ్చింది.

ఆనాడు క్లోరోఫాంతో కలిసి ముద్దాయి అయిన ఆ ఎడ్రినలినే ఈనాడు తీవ్రమైన ఎలర్జీలో ప్రాణదాత. అది వదులైన రక్తనాళాలను బిగిస్తుంది, బిగిసిన ఊపిరిగొట్టాలను వదులు చేస్తుంది, మాస్ట్ కణాలను శాంతింపజేస్తుంది. మూడు పనులు ఒక్క సూదితో!

ఇది ఆపరేషను గదికే పరిమితమైన మాట కాదు. పల్లెలో ఇంజక్షను వికటించినా, కందిరీగ కుట్టినా మనవారు ముందు తలచుకునేది ఏవిల్. ఏవిల్ దురద తగ్గిస్తుంది. కాని పడిపోయిన పోటును లేపదు. మూసుకుపోయే గొంతును తెరవదు. దద్దుర్లతో పాటు ఆయాసమో, గొంతు బిగపట్టడమో, కళ్ళు తిరిగి పడిపోవడమో ఉంటే, తొడ కండరంలో ఎడ్రినలిన్ వేయగల వైద్యుడు క్షణాలమీద కావాలి. అంతవరకూ మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలి. ఆయాసంతో పడుకోలేకపోతే కూర్చోబెట్టవచ్చు. లేపి నడిపించడం మాత్రం కూడదు.

ట్రంకు పెట్టెలో కాగితం

చీపురుపల్లి దగ్గర ఒక ఇల్లాలు ఉన్నదనుకుందాం. పన్నెండేళ్ళ కింద ఆపరేషనులో ఒళ్ళంతా దద్దుర్లు తేలి, పోటు పడిపోయింది. డాక్టర్లు కాపాడారు. డిశ్చార్జినాడు ఒక కాగితమిచ్చారు. ఆ కాగితం చీరలమధ్య ట్రంకు పెట్టెలోకి చేరింది. ఇప్పుడు పిత్తాశయానికి ఆపరేషను కావాలి. కాగితం తెస్తే దానిమీద ఒక యాంటీబయాటిక్ పేరు ఉంటుంది. ఆ ఒక్కటీ మానేసి నిశ్చింతగా ఆపరేషను చేస్తారు. కాగితం పోతే “మత్తు పడదు” అన్న మాట ఒక్కటే మిగులుతుంది. ఆ మాటతో మత్తుడాక్టరు చీకటిలో సూది వెదకాలి. పైగా ఏ మందు మానాలో తెలియక, దోషంలేని మంచి మందులన్నీ మానుకోవలసి రావచ్చు.

కనుక ఇంట్లో ఎవరికైనా అటువంటిది జరిగితే మూడు సంగతులు వ్రాయించుకోవాలి. ఏయే మందులు ఇచ్చారు? ఏది ఇచ్చిన ఎన్ని నిమిషాలకు మొదలైంది? ఏమేమి కనిపించాయి? జరిగిన కొద్ది గంటలలోపు ట్రిప్టేజ్ అనే రక్తపరీక్ష, మర్నాడు మళ్ళీ ఒకసారి చేస్తే, మాస్ట్ కణాలు నిజంగా రేగాయో లేదో తెలుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాక, ఆ విద్య తెలిసిన వైద్యుల వద్ద చర్మ పరీక్షలతో ముద్దాయిని గుర్తించే అవకాశం ఉన్నది. తేలిన పేరును ఆధార్ కార్డు ఎంత భద్రంగా దాస్తామో అంత భద్రంగా దాచి, ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచాలి.

ఆపరేషనుకు ముందు మత్తుడాక్టరు వచ్చి ప్రశ్నలు వేస్తాడు. ఉబ్బసం ఉన్నదా? బుడగ ఊదినా, రబ్బరు తొడుగు తగిలినా పెదవులు దురద పెడతాయా? ఏ ఇంజక్షనుకైనా దద్దుర్లు లేచాయా? పోటుకు ఏ మాత్రలు వేసుకుంటున్నారు? ఈ చివరి ప్రశ్న ఊసుపోకకు వేసింది కాదు. పోటుకు, గుండెకు వాడే కొన్ని మాత్రలు ఉంటే ఎడ్రినలిన్ పట్టు తగ్గవచ్చు. అన్నిటికీ “ఏటీ లేవు బాబూ” అని చేతులు జోడించడం మర్యాద కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆయనకు మనం చేసే మర్యాద, మనకు మనం చేసుకునే మేలు.

వంకాయ ఎందుకు పడదో తెలియకపోయినా సంసారం గడుస్తుంది. మత్తు విషయంలో గడవదు. “పడదు” అన్న మాటకు ముందు కర్తపదం ఒకటి చేర్చాలి - ఫలానా మందు పడదు అని. వాక్యంలో కర్త లోపిస్తే అర్థం చెడుతుందని బడిలో చదువుకున్నాం. ఆపరేషను గదిలో కర్త లోపిస్తే చెడేది అర్థం ఒక్కటే కాదు.